మంత్రగత్తెకు ఒక అంగుళం

శుక్రవారం పొద్దున్నే టేపక్క కొత్త కర్టెన్ల మూట చంకన పెట్టుకుని లైబ్రరీ మేడ మీదున్న క్లబ్బు హాలుకు వెళ్ళింది. ఆవిడ అసలు పేరు ఏదైనా ఫారం నింపాల్సి వచ్చినప్పుడు తప్ప ఇంట్లోవాళ్ళకు కూడా గుర్తు రాదు. మెడలో టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు. అన్నం తినేటప్పుడు కూడా తియ్యదని వదినగారు వెక్కిరిస్తుంది గానీ అది అన్యాయం. తీసి భుజం మీద వేసుకుంటుంది.

హాల్లో సెక్రటరీ గెలిచినవాళ్ళ బోర్డుకు కొత్తగా నల్లరంగు పూసి, పాత పేర్లను తెల్లరంగుతో మళ్ళీ దిద్దుతున్నాడు. ఆయనకు కింద వీధిలో మందుల షాపుంది. పొద్దస్తమానం డాక్టర్ల రాతతో కుస్తీ పట్టే మనిషి గనక, తన రాత మాత్రం ముత్యాల్లా ఉండాలని పంతం. టేపక్క స్టూలెక్కి కర్టెన్లు తగిలిస్తూ బోర్డు వైపు చూసింది. పదకొండేళ్ళవి పదకొండు వరసలు. అందులో ఏడు వరసల్లో వాళ్ళ టైమ్‌కీపర్ అన్నయ్య పేరే. గత ఏడేళ్ళూ వరసగా ఆయనే. ఆ ఏడేళ్ళూ ఆయన పక్కన నిలబడి బొమ్మలు జరిపింది టేపక్కే.

కొత్తగా చేరిన లెక్కల మాస్టారు ఒకాయన సెక్రటరీకి రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. "ఈవిడెవరండీ?" అని అడిగాడు.

"ఈవిడా? మన టైమ్‌కీపర్ గారి చెయ్యి" అన్నాడు సెక్రటరీ, కుంచె తియ్యకుండానే. ఆయన మాటలో ఎగతాళి లేదు. రోజూ అనే మాటే అన్నాడు.

"ఓహో" అని మాస్టారు కర్టెన్ వైపు చూశాడు. గుడ్డ బాగుందన్నాడు.

ఏడేళ్ళుగా వింటున్న మాట ఆ రోజే ఎందుకు గుచ్చుకుందో టేపక్కకే తెలియలేదు. కొత్తరంగులో అక్షరాలు మరీ మెరిసిపోతున్నాయి, బహుశా అందుకేనేమో.

ఆ ఆట సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఎనిమిదడుగుల పొడవు బల్ల. దాని మీద ఆకుపచ్చ గుడ్డ, బెండుతో చేసిన కొండలు, నీలం పూసిన వాగు. అటూ ఇటూ చెరో పాతిక చెక్కబొమ్మలు: కాల్బలం, విలుకాళ్ళు, గుర్రాలు. పక్షానికొక మంత్రగత్తె. ఆవిడ విసిరే నిప్పు పన్నెండంగుళాల దూరం పోతుంది. పదమూడో అంగుళంలో ఉన్నవాడికి వెచ్చగా కూడా తగలదు. ఒకసారి నిప్పు విసిరాక అలసిపోయి, తర్వాతి ఎత్తులో కదలకుండా నిలబడాలి. ఒంటి మీద కవచం లేదు గనక శత్రువు గుర్రానికి మూడంగుళాల లోపు ఉంటే చాలు, బల్లెం పోటుకు కూలిపోతుంది. ప్రతి ఎత్తులోనూ ముందు కదలికలు, తర్వాత బల్లేలు, ఆఖర్న నిప్పు. ఏ పక్షం మంత్రగత్తె పడితే ఆ పక్షం ఓడినట్టే.

జట్టుకు ఇద్దరు, సేనాని ఒకరు, చెయ్యి ఒకరు. ప్రతి విడతకూ సేనాని మూడు ఎత్తుల ఆజ్ఞలు ఒకేసారి మూడు చీటీల మీద రాసి, మడిచి, డబ్బాలో వేసి కుర్చీలో కూర్చుంటాడు. ఆ తర్వాత నోరెత్తకూడదు. చెయ్యి చీటీ విప్పి, చదివి, బొమ్మలు జరుపుతుంది. బొమ్మ మీంచి వేలు తీశాకే సెక్రటరీ టేపు పెడతాడు. అంతవరకూ ఎంతటివాడికైనా కంటికొలతే గతి.

మన సేనానిగారు, అంటే అన్నయ్య, రాసే ఆజ్ఞలు వింటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. "మంత్రగత్తె శత్రువు గుండెల మీదికి! అవసరమైనంత ముందుకు!" అని రాసేసి మీసం మీద చెయ్యి వేసుకుంటాడు. ఆ 'అవసరమైనంత' ఎంతో ఆయనకు తెలియదు. అలా రాయడానికి క్లబ్బు నియమాల్లో వీలుంది. అప్పుడు ఎంతన్నది చెయ్యి ఇష్టం. టేపక్క చీటీ చదివి, మోకాళ్ళు వంచి, గడ్డం బల్ల అంచుకు ఆనేదాకా కిందికి దిగి, ఒక కన్ను మూసి చూస్తుంది. తర్వాత లేచి బొమ్మను టక్కున పెడుతుంది. టేపు పెడితే పదకొండుం ముప్పావు. ఏడేళ్ళలో ఆవిడ లెక్క పావంగుళం కంటే ఎక్కువ తప్పలేదు. "మా చెల్లి కప్పలా కూర్చుందంటే అవతలివాడి పని అయిపోయినట్టే" అని అన్నయ్య అందరితో చెప్పి నవ్వుతాడు. చప్పట్లకు మాత్రం తనే లేచి నిలబడతాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి టేపక్క మిషను మీద కూర్చుని ఒక చొక్కాకు కాలరు తలకిందులుగా కుట్టింది. ఇరవయ్యేళ్ళలో అలాంటి పని చెయ్యలేదు. సాయంత్రం డ్యూటీ దిగి అన్నయ్య వచ్చేసరికి బ్లేడుతో ఆ కుట్లు విప్పుతూ ఉంది. అన్నయ్యకు బస్సు డిపోలో టైమ్‌కీపర్ ఉద్యోగం. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో మైకులో ప్రకటించి ప్రకటించి, ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"అమ్మాయ్! రేపు పొద్దున్నే తొమ్మిదింటికి మొదటాట. ఎనిమిదీ నలభైకి బయల్దేరాలి!"

"అన్నయ్యా, ఈసారి చీటీలు నేను రాస్తాను" అంది టేపక్క, తలెత్తకుండా.

అన్నయ్య నవ్వాడు. ఆవిడ నవ్వకపోయేసరికి ఆపేశాడు. "నువ్వా? ఆజ్ఞలు రాయడమంటే జాకెట్టు కొలతలు రాసినట్టు అనుకున్నావా? దానికో తెగువ కావాలే."

"కొలతలు లేని తెగువ ఏడేళ్ళు చూశాను."

"అంటే? ఏడేళ్ళూ గెలిచింది ఎవరనుకుంటున్నావ్?"

"అదే కదా నేనూ అడుగుతున్నది." బ్లేడు పక్కన పెట్టింది. "నేను రాస్తే రాస్తాను. లేకపోతే రేపు నీ బొమ్మలు నువ్వే జరుపుకో, నీ ఆజ్ఞలు నువ్వే విప్పుకో. నేను రాను."

అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. జట్ల పేర్లివ్వడానికి సెక్రటరీ పెట్టిన గడువు అయిపోయిందన్నాడు, జట్టు పేరు పోతుందన్నాడు, పరువు అన్నాడు. లోపలి గదిలోంచి వదిన టీ గ్లాసులు పట్టుకొచ్చింది. అన్నాచెల్లెళ్ళ ఇళ్ళు పక్కపక్కనే గనక ఏ వంటింట్లో ఎవరు టీ పెడతారన్న పట్టింపు వాళ్ళకు లేదు.

"రాయనివ్వండి, ఏమైంది?" అంది వదిన.

"మరి నేనేం చెయ్యాలి?"

"బొమ్మలు జరపండి."

"నేనా!"

"అదీ నిజమే మరదలా" అంది వదిన, టేపక్కకు గ్లాసు అందిస్తూ. "ఇంట్లో కుర్చీ అటు జరపమంటేనే ఈయనకు నడుం పట్టేస్తుంది. మంత్రగత్తెను ఏం జరుపుతారు పాపం."

అన్నయ్య గాలి పోయింది. టీ తాగినంతసేపూ గోడ గడియారం వైపు చూశాడు. గ్లాసు కింద పెట్టి, "ఒక్క ఏడాది" అన్నాడు. "ఓడిపోయావో, వచ్చే ఏడు నోరెత్తకూడదు."

"ఓడితే ఇక ఎప్పటికీ అడగను" అంది టేపక్క. అనేశాక ఇంత మాట తన నోట్లోంచే వచ్చిందా అనుకుంది.

శనివారం మొదటాటలో చిత్తుగా ఓడిపోయారు.

అవతల పక్షం బ్యాంకు గుమాస్తా, ఆయన తోడల్లుడు. పెద్ద ఆటగాళ్ళు కారు. టేపక్క ప్రతి చీటీ మీదా అంకెలు స్పష్టంగా రాసింది: మంత్రగత్తె ముందుకు ఇన్ని అంగుళాలు, గుర్రం ఎడమకు ఇన్ని అంగుళాలు. అన్నయ్య రాసింది రాసినట్టే జరిపాడు. దూరం అంకెల్లో రాస్తే చెయ్యి పక్కన సెక్రటరీ స్కేలు పట్టుకుని నిలబడతాడు గనక అందులో తేడా వచ్చే వీలు లేదు. అయినా ప్రతి బొమ్మా ఆవిడ అనుకున్న చోటికి ఒక అంగుళం అవతల తేలింది. మూడో విడత ఆఖరి ఎత్తులో మంత్రగత్తె సరిగ్గా వెళ్ళి గుమాస్తాగారి గుర్రం బల్లెం కింద నిలబడింది. ఆ తోడల్లుడు ఇది ఏదో పన్నాగమని భయపడి, పొడవాలా వద్దా అని రెండుసార్లు సెక్రటరీని అడిగాడు.

కుర్చీలో కూర్చున్న టేపక్క ఒక కన్ను మూసి బల్ల వైపు మళ్ళీ చూసింది. తన కళ్ళు తనను ఎప్పుడూ మోసం చెయ్యలేదు. మరి ఇదేమిటి? క్లబ్బులో ఒక ఓటమికి మన్నింపు ఉంది, రెండోది ఓడితే ఇంటికే. లెక్కల మాస్టారు జాలిగా చూశాడు. ఆ చూపు ఓటమి కంటే కష్టంగా ఉంది.

దారిపొడుగునా అన్నయ్య నాలుగడుగులు ముందే నడిచాడు. తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం తన భోజనం అయ్యాక టేపక్క తొమ్మిది చీటీలూ కత్తిరింపుల బల్ల మీద వరసగా పరిచి కూర్చుంది. పక్కన నిన్నటి చొక్కా ముక్కలున్నాయి. ఛాతీ ముప్పై ఎనిమిది అని కొలతల పుస్తకంలో ఉంటే, గుడ్డ మీద సుద్దగీత దానికంటే అవతలికే ఉంది, కుట్టులోకి పోయే గుడ్డ కలిపి. ఆవిడ చీటీల వైపు చూసింది. సుద్దగీత వైపు చూసింది. మళ్ళీ చీటీల వైపు చూసింది.

"అన్నయ్యా!" అని అరిచిన అరుపుకు పక్కింట్లోంచి అన్నయ్య చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చాడు.

"నా కంటికి ఎనిమిదే కనిపించింది, తొమ్మిదని రాశాను! ఆరు కనిపించింది, ఏడని రాశాను! అన్నిటికీ ఒక ఇంచీ కలిపాను అన్నయ్యా. కుట్టుకి!"

అన్నయ్యకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక భుజాలు ఊగాయి. "మంత్రగత్తెకి... కుట్టు వదిలావా? గుర్రానికీ?"

"గుర్రానికీ, విలుకాళ్ళకీ, అందరికీ."

"తర్వాత లావెక్కితే విప్పుకోవచ్చనా?"

అంతే, ఇద్దరూ నేల మీద కూలబడి కడుపుబ్బ నవ్వారు. ఏమైందో చూద్దామని వచ్చిన వదినకు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. వాళ్ళను చూసి ఆవిడా నవ్వింది, విషయం ఆ తర్వాతే తెలిసింది. పొద్దుటి నుంచి ఇద్దరి మధ్యా బిగుసుకుపోయినదేదో ఆ నవ్వులో వదులైపోయింది.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ టేపక్క చొక్కా ముక్కను చేతిలోకి తీసుకుంది. కుట్టు గుడ్డ బయటికి కనిపించదు. లోపలికి మడిచి ఉంటుంది. కావలసినప్పుడు విప్పుకుంటాం. బొమ్మల విషయంలో తను దాన్ని బయటికి వదిలింది, అదే తప్పు. "లోపలికి మడవాలి" అంది.

"దేన్నే?"

"ఏం లేదు. పద, రెండింటికి ఆట."

మధ్యాహ్నం ఆట గెలిచారు. సాయంత్రం ఆటా గెలిచారు. పెద్దగా చెప్పుకోవలసిన ఆటలు కావవి. అంకెలు మాత్రం సరిగ్గా రాసింది.

ఆదివారం పొద్దున ఆఖరి ఆట పళ్ళ డాక్టరుతో. డాక్టరు మంచివాడే గానీ, రోజంతా నోరు తెరిచినవాళ్ళకే కబుర్లు చెప్పి అలవాటైన మనిషి గనక అవతలివాళ్ళు బదులు చెప్పగలరని ఊహించడు. ఆయనకు చెయ్యి వాళ్ళావిడ, క్లబ్బులో అందరికీ డాక్టరమ్మ. ఆవిడ ఎంత నెమ్మదస్తురాలంటే బొమ్మ కింద పెట్టిన చప్పుడు కూడా వినిపించదు.

"ఏం టైమ్‌కీపర్ గారూ, చెల్లెమ్మగారికి పగ్గాలిచ్చి మీరు కూలికి కుదిరారట!" అన్నాడు డాక్టరు.

అన్నయ్య ఒక బొమ్మను తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. "అవునండీ, కుదిరాను" అన్నాడు చివరికి.

నాలుగు విడతల ఆట నడిచింది. ఎవరూ తగ్గలేదు. అయిదో విడతకు చీటీలు రాసే సమయానికి బల్ల మీద చెరో ఆరేడు బొమ్మలు మిగిలాయి. టేపక్క పెన్సిలు పట్టుకుని బల్ల వైపు చూసింది. డాక్టరు మంత్రగత్తె కొండ పక్కన ఉంది. రెండు ఎత్తుల్లో నడిచి సరిగ్గా పన్నెండంగుళాల దగ్గరికి వస్తుంది, రెండో ఎత్తు ఆఖర్న నిప్పు విసురుతుంది అని ఆవిడ అంచనా. ఈ జట్టు ఏడేళ్ళుగా వెనకడుగు వెయ్యలేదని డాక్టరుకు తెలుసు. టేపక్క కుట్టు లోపలికి మడిచినట్టుగా మొదటి చీటీ రాసింది: మంత్రగత్తె వెనక్కి ఒక అంగుళం. రెండోది: మంత్రగత్తె కదలదు.

మూడోది రాయబోయి ఆగింది. అప్పటికి డాక్టరు గుర్రం ఎక్కడుంటుందో ఇప్పుడు చెప్పడం ఎవరి తరం కాదు. ఏ అంకె రాసినా గుడ్డిగా రాయడమే. చూసి పెట్టే మనిషి ఒకరు బల్ల దగ్గర ఉండాలి. ఉన్నది అన్నయ్య. బస్సు వేగం చెప్పమంటే చెబుతాడు గానీ, ఎదుటి గోడ ఎంత దూరమంటే తడుముకుంటాడు. ఓడితే ఇక ఎప్పటికీ అడగనని టేపక్క తనే అంది. పెన్సిలు కొన నోట్లో పెట్టుకుని, తీసి, రాసింది: మంత్రగత్తె ముందుకు, అవసరమైనంత. నిప్పు. మడిచి డబ్బాలో వేసింది.

మొదటి చీటీ విప్పారు. అన్నయ్య చదివి కనుబొమలు ఎగరేశాడు. ఆయన జీవితంలో మంత్రగత్తెను వెనక్కి నడిపించడం అదే మొదలు. అయినా నడిపించాడు. రెండో ఎత్తులో డాక్టరు మంత్రగత్తె నిప్పు విసిరింది. సెక్రటరీ టేపు పెట్టి, మళ్ళీ పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, "పదమూడు" అన్నాడు.

హాలంతా గుసగుసలు. డాక్టరు కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయన మంత్రగత్తె ఇక ఒక ఎత్తు దాకా కదలడానికి వీల్లేదు. కానీ ఇలాంటి ఇబ్బంది వస్తుందేమోనని ఆయన ముందే జాగ్రత్తపడ్డాడు. ఆ ఎత్తులో ముందు వంతు వాళ్ళది గనక మూడో చీటీ విప్పి డాక్టరమ్మ గుర్రాన్ని తెచ్చి, రెండు మంత్రగత్తెల నడుమ దారికి అడ్డంగా నిలబెట్టింది. నేరుగా ముందుకు వెళ్తే బల్లెం పోటు. గుర్రానికి దూరంగా, మరీ పక్కకు వెళ్తే నిప్పు అందదు. ఆ రెండింటికీ మధ్య, వాగు ఒడ్డున, ఒక్క అంగుళం సందు ఉంది.

అన్నయ్య తన చీటీ విప్పాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. చెల్లెలి వైపు చూశాడు. ఏడేళ్ళుగా తను అలవోకగా రాసి పారేసిన మాట ఇప్పుడు ఆయన చేతిలో ఉంది. టేపక్క నోరెత్తకూడదు గనక తన కర్టెన్ల వైపు చూస్తూ కూర్చుంది. కళ్ళతో కూడా ఏమీ చెప్పదలచుకోలేదు.

ఆయన బొమ్మను తీసుకున్నాడు. వాగు పైన గాల్లో అటూ ఇటూ తిప్పాడు. నిలబడి చూస్తే అంతా ఒకేలా ఉంది, అంగుళమూ కనబడదు, సందూ కనబడదు. ఇంత కష్టమా ఇది, అనుకున్నట్టు ఆయన ముఖమే చెప్పింది. తర్వాత ఆ భారీ మనిషి ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, మోకాళ్ళు కటకటమంటుంటే మెల్లగా కిందికి దిగాడు. గడ్డం బల్లకు ఆనేదాకా దిగాడు. ఒక కన్ను మూశాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"నవ్వకండి, అలాగే చూడాలి" అంది డాక్టరమ్మ. ఆ ఏడాది అంతా ఆవిడ క్లబ్బులో అన్న మొదటి మాట అదేనేమో.

టేపక్క కర్టెన్ల మీంచి చూపు తిప్పింది. అన్నయ్య కప్పలా కూర్చుని ఉన్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఇక ఓడినా ఫరవాలేదనిపించింది. అలా అనిపించినందుకు తనను తానే తిట్టుకుంది, ఎందుకంటే గెలవాలనే ఉంది.

అన్నయ్య బొమ్మను వాగు ఒడ్డున పెట్టాడు. వేలు తియ్యకుండా ఇంకొక్క వెంట్రుకవాసి ఎడమకు జరిపాడు. వేలు తీశాడు.

సెక్రటరీ ముందు గుర్రం నుంచి కొలిచాడు. "మూడుంబావు. బల్లెం అందదు." తర్వాత మంత్రగత్తె నుంచి మంత్రగత్తెకు టేపు లాగాడు. "పదకొండుం ముప్పావు" అన్నాడు సెక్రటరీ.

డాక్టరు తన మంత్రగత్తెను తనే పడుకోబెట్టి, లేచి వచ్చి అన్నయ్యకు చెయ్యిచ్చి పైకి లేపాడు. మోకాళ్ళు పట్టేసి ఆయన సొంతంగా లేవలేకపోయాడు మరి. హాలంతా చప్పట్లు. టేపక్క కుర్చీలోంచి లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. చప్పట్లకు లేచి నిలబడటం ఆవిడకు అలవాటు లేదు.

సెక్రటరీ రంగు డబ్బా తెచ్చి బోర్డు మీద పన్నెండో వరసలో ఆవిడ పేరు రాశాడు. తీరిగ్గా, ముత్యాల్లా. టేపక్క దగ్గరికి వెళ్ళి చూసింది. తన పేరు ఇంత పొడుగుందా అనుకుంది.

"బాగుందా అక్కా?"

"బాగుంది. చేతి పేరేదీ?"

"చేతి పేరు రాయడం మన క్లబ్బులో లేదు కదా. చోటు మాత్రం ఎక్కడుంది?"

టేపక్క మెడలోంచి టేపు తీసింది. బోర్డు కుడి పక్క, అంచు దగ్గర పెట్టి కొలిచింది. "అయిదున్నర ఇంచీలు ఖాళీ. కావలసినంత వదిలే పెట్టారు. ఇవ్వాళ గెలిపించింది ఆయన. రాయండి."

సెక్రటరీ బోర్డు వైపు, టేపు వైపు చూశాడు. కుంచె ముంచి ఆవిడ పేరు పక్కన అన్నయ్య పేరు చిన్నగా రాశాడు. అన్నయ్య దగ్గరికి వెళ్ళి దాన్ని చదివాడు. పెద్ద గొంతు మనిషి మెల్లగా అన్నాడు, "అయితే పైన ఏడు కూడా రాయండి సార్."

"ఏడూనా?"

"ఏడూ. నేను చెబుతాను, మీరు రాయండి." గొంతు సవరించుకున్నాడు. డిపో మైకు ముందు నిలబడ్డట్టు నిలబడి, చెల్లెలి పేరు, ఇంటిపేరుతో సహా, వీధి చివరిదాకా వినిపించేలా చదివాడు. సెక్రటరీ రాశాడు. కింది వరసకు రాగానే అన్నయ్య మళ్ళీ చదివాడు. డాక్టరు వెనక నుంచి, "అయ్యాక పాతవాటిలో మావి రెండున్నాయి, మా ఆవిడ పేరు కూడా" అన్నాడు. డాక్టరమ్మ ఆయన వైపు ఆశ్చర్యంగా చూసింది. లెక్కల మాస్టారు రంగు డబ్బా పట్టుకుని, ఒక్కో వరసా చదువుతూ, స్టూలు మీద కర్టెన్లు కట్టిన మనిషిని కొత్తగా చూస్తున్నాడు.

"చాలన్నయ్యా, అందరూ చూస్తున్నారు" అంది టేపక్క, నాలుగోసారికి.

"ఇంకా మూడున్నాయి. ఆగు" అన్నాడు అన్నయ్య.

అంత పెద్ద గొంతుతో తన పేరు తనకే వినిపిస్తే ఏం చెయ్యాలో ఆవిడకు తోచలేదు. మిగిలిన మూడుసార్లూ, బళ్ళో హాజరు పిలిచినప్పటిలాగా, "ఆఁ" అని పలికింది.